చిరునామా పోయిన మట్టిపలకలు

అందరికీ నమస్కారం. వెనక గోడవారన నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ జంపఖానా మీద ఇంకా చోటుంది.

మూడు మట్టిమేకుల సంగతి చెప్పి మొదలుపెడతాను. 2003 మే నెలలో లండన్ పోలీసులు ఒక పురావస్తు వ్యాపారి దగ్గర ఎనిమిది చిన్న వస్తువులు పట్టుకున్నారు. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పే కాగితం ఆ వ్యాపారి దగ్గర ఒక్కటీ లేదు. ఆ ఎనిమిదీ పదిహేనేళ్ళు పోలీసుల దగ్గరే ఉండిపోయాయి. 2018లో వాటిని బ్రిటిష్ మ్యూజియంలో నిపుణులకు చూపించారు. ఎనిమిదింటిలో మూడు మట్టితో చేసి కాల్చిన మేకులు. మనం గోడకు కొట్టే ఇనుప మేకు కాదు, అరచేతిలో పట్టే శంకువు ఆకారం. వాటి ఒంటి చుట్టూ కీలాక్షరాలున్నాయి, అంటే పచ్చిమట్టిలో గుచ్చి రాసే పాతకాలపు లిపి. నింగిర్సు దేవుడికి లగాష్ రాజ్యపు పాలకుడు గుడియా ఎనిన్ను అనే ఈ ఆలయం కట్టించాడని ఆ రాత సారాంశం. నాలుగు వేల ఏళ్ళు దాటిన రాత.

అప్పటికే ఆ మ్యూజియం బృందం దక్షిణ ఇరాక్‌లోని తెల్లో అనే చోట, అంటే పాత గిర్సు నగరంలో, ఇరాకీ పురావస్తు ఉద్యోగులకు శిక్షణ ఇస్తూ తవ్వుతోంది. అక్కడి ఆలయపు గోడల్లో సరిగ్గా ఇలాంటి మేకులే, ఇదే రాతతో, గుడియా కాలంలో దిగ్గొట్టినవి దిగ్గొట్టినట్టే ఉన్నాయి. ఆ గోడల పక్కనే దొంగలు తవ్విన గోతులూ ఉన్నాయి. లండన్‌లో దొరికిన మేకులు ఏ గోతిలోంచి లేచి వెళ్ళాయో దాదాపు వేలు పెట్టి చూపించగలిగారు. 2018 ఆగస్టులో ఎనిమిదింటినీ ఇరాక్ రాయబార కార్యాలయానికి అప్పగించారు.

ఇలా ఇల్లు చేరే అదృష్టం లక్షల్లో ఒకదానికి దక్కుతుంది. ఆ మిగతావాటి గురించి చెప్పడానికే ఇవాళ వచ్చాను.

యుద్ధంలో ప్రాచీన సంపద నాశనమైందంటే మనకు కళ్ళముందు కదిలేవి కొన్ని బొమ్మలున్నాయి. 2001 మార్చిలో బామియాన్ బుద్ధవిగ్రహాలు పేలిపోవడం. 2015లో ఇరాక్‌లోని మోసుల్ మ్యూజియంలో సుత్తులతో శిల్పాలను పగలగొట్టడం. అదే ఏడు సిరియాలోని ప్రాచీన నగరం పాల్మైరాలో బెల్ ఆలయం నేలమట్టం కావడం. ఆ పాల్మైరాను నలభై ఏళ్ళు కాపాడిన ఖాలెద్ అల్-అసాద్ అనే ఎనభై దాటిన పెద్దాయన్ని ఆగస్టులో చంపేశారు. వీటిని ప్రపంచమంతా చూసింది, తలచుకుంటే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది. కానీ గమనించండి, వీటిని మనం చూడగలిగాం. చేసినవాళ్ళే వీడియో తీసి పంచారు. పోయిందేమిటో, ఎక్కడ ఉండేదో, ఎంత ఎత్తు ఉండేదో మనకు తెలుసు. వీడియో లేని విధ్వంసం ఇంకొకటుంది. అది రాత్రిపూట, పారలతో, గునపాలతో జరిగింది. పోయిందేమిటో చెప్పడానికి కూడా అక్కడ ఎవరూ లేరు.

మనకు పాటిదిబ్బ అనే మాట ఉంది. ఊరి పక్కన ఎత్తుగా ఉండే మట్టిదిబ్బ, ఎప్పుడో పూర్వం ఊరు ఉండి పోయిన చోటు. ఆ పాటిమన్ను సత్తువైనదని రైతులు బళ్ళమీద పొలాలకు తోలుకునేవారు. మన్నుతోపాటు పెంకులు, పూసలు, ఎముకలు వచ్చేవి. ఇరాక్‌లో అలాంటి దిబ్బను తెల్ అంటారు. దక్షిణ ఇరాక్‌లో అవి వేలల్లో ఉన్నాయి. అక్కడ కట్టడానికి రాయి దొరకదు. యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల ఒండ్రుతో పచ్చి ఇటుక చేసి కట్టుకున్నారు. ఇల్లు కూలితే ఆ మట్టినే చదును చేసి దాని మీదే మళ్ళీ కట్టేవారు. అలా రెండు మూడు వేల ఏళ్ళు కట్టగా కట్టగా ఊరు దిబ్బయింది. ఉరుక్, ఉమ్మా, ఇసిన్, లార్సా, అదబ్ అన్నీ అలాంటి దిబ్బలే.

ఆ దిబ్బలో ఏది పైన ఉంది, ఏది కింద ఉంది, ఏది ఏ గదిలో దేని పక్కన ఉంది, పురావస్తు శాస్త్రమంతా ఈ లెక్కలోనే ఉంది. వస్తువు అందం ఆ తరవాతి మాట. సుమేరు అంటే దక్షిణ ఇరాక్‌లోని ఈ పాత నగరాల నాగరికత. సుమేరు ముద్రలు మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. బొటనవేలి కణుపంత రాతి గొట్టం. తడిమట్టి మీద అప్పడాల కర్రలా దొర్లిస్తే బొమ్మ పడుతుంది. ఆ రోజుల్లో అదే సంతకం. అలాంటి ముద్ర ఒక ఆడమనిషి సమాధిలో ఆమె భుజం దగ్గర దొరికిందనుకోండి, ఆమె తన పేరుతో లావాదేవీలు నడిపిందేమో అని ఆలోచిస్తాం. అదే ముద్ర ధాన్యపు కొట్టు గడప దగ్గర, తలుపుకు మట్టితో వేసిన సీలు ముక్కలతో కలిసి దొరికితే, ఆ కొట్టు ఎవరి చేతి కింద ఉండేదో తెలుస్తుంది. ఆ ముద్రే లండన్‌లోనో న్యూయార్క్‌లోనో గాజుపెట్టెలో పత్తి మీద కనిపిస్తే? అందంగా ఉంటుంది, అంతే. దాని నోరు కట్టేశారు.

ఇక 2003కు వద్దాం. ఆ ఏడాది జనవరిలోనే, అమెరికా ఇరాక్ మీద యుద్ధం మొదలుపెట్టకముందే, షికాగో విశ్వవిద్యాలయంలో మెసపొటేమియా పురావస్తు శాస్త్రం చెప్పే మెక్‌గ్వైర్ గిబ్సన్ అమెరికా రక్షణశాఖ అధికారులను కలిశారు. కాపాడాల్సిన స్థలాల జాబితా ఇచ్చారు, అందులో బాగ్దాద్‌లోని ఇరాక్ మ్యూజియం ముఖ్యమని చెప్పారు. ఏప్రిల్‌లో సైన్యం నగరంలోకి వచ్చింది. చమురు మంత్రిత్వ శాఖ భవనానికి కాపలా పెట్టారు. మ్యూజియానికి పెట్టలేదు. 10వ తేదీ నుంచి 12వ తేదీ వరకు దోచుకున్నారు. మ్యూజియం ముందు ట్యాంకులు నిలబడింది 16న. మధ్యలో 11న అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్‌ను నగరంలో దోపిడీల గురించి అడిగితే, అలాంటివి జరుగుతుంటాయి అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేను.

మ్యూజియం సిబ్బంది మాత్రం ముందే మేల్కొన్నారు. గ్యాలరీల్లోంచి ఎత్తగలిగిన 8,366 వస్తువులను ఒక రహస్య గదికి చేర్చారు. ఆ గది ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఐదుగురే. ఎవరికీ చెప్పబోమని ఖురాన్ మీద ప్రమాణం చేశారు, మాట మీద నిలబడ్డారు. ఆ ఐదుగురి వల్ల మిగిలిందెంతో ఆలోచించండి.

నేలమాళిగలో జరిగిందైతే ఇంకోరకం. అక్కడికి వెళ్ళినవాళ్ళకు దారి తెలుసు, దాచిన తాళంచెవులు ఎక్కడున్నాయో తెలుసు. నాణేలు, మేలురకం ముద్రలు ఉన్న బీరువాల కోసమే వెళ్ళారు. కరెంటు లేదు. వస్తువులు చుట్టడానికి పెట్టిన స్పాంజి ముక్కలు అంటించి ఆ వెలుగులో వెతికారు. పొగ కమ్మింది. ఆ చీకట్లో తాళంచెవులు చేజారి కింద అట్టపెట్టెల మధ్య పడిపోయాయి, ఇక దొరకలేదు. బీరువాలు మిగిలాయి. ఆ కోపంలోనో తొందరలోనో నేలమీద పెట్టెల్లో ఉన్నవి తీసుకుపోయారు. దాదాపు పదివేల చిన్న వస్తువులు. అందులో సగం వరకు ముద్రలే.

మొదట్లో ప్రపంచ పత్రికలన్నీ 1,70,000 వస్తువులు పోయాయని రాశాయి. అది తప్పు. లెక్క తేలాక పోయినవి సుమారు 15,000. ఆ అంకె తగ్గగానే ఏం జరిగిందో తెలుసా? అబ్బే, పెద్దగా ఏమీ పోలేదట అన్న మాట అంతే వేగంగా పాకింది. పదిహేను వేలంటే పెద్దగా కానిదెలా అవుతుంది?

పోయినవాటిలో వార్కా పాత్ర ఒకటి. ఉరుక్‌లో 1930ల్లో జర్మన్లు తవ్వి తీసిన పాలరాతి పాత్ర, మీటరు ఎత్తు, వయసు అయిదు వేల ఏళ్ళు. దాని అడుగున నీటి అలలు చెక్కారు. నీటి మీద పైరు. పైరు మీద గొర్రెలు, పొట్టేళ్ళు. ఆ పైన గంపలు మోస్తున్న మగవాళ్ళు. అన్నిటికంటే పైన ఇనన్నా దేవత గుడి వాకిట్లో నైవేద్యం అందుకుంటోంది. నీళ్ళుంటే పైరు, పైరుంటే పశువు, పశువుంటే మనిషి, ఆ మనిషి దేవుడి ముందు. లోకమెలా నిలబడిందో ఒక రాతి మీద అంత తేటగా చెప్పిన వస్తువు నాకింకొకటి తెలియదు. దాన్ని పాదం దగ్గర విరిచేసి ఎత్తుకుపోయారు. జూన్ 12న కారు డిక్కీలో ముక్కలుగా తిరిగొచ్చింది. ఉరుక్ మహిళ ముఖం అని పిలిచే పాలరాతి ముఖం సెప్టెంబరులో ఒక తోటలో పాతిపెట్టి దొరికింది. అక్కాద్ అనే పాత రాజ్యపు కాలంనాటి బస్సెత్కీ రాగి విగ్రహం, నూట యాభై కిలోలు, నవంబరులో మురుగుగోతిలోంచి తీశారు.

ఇవి ఎందుకు వెనక్కొచ్చాయి? మసీదుల్లో పెద్దలు తిరిగివ్వమని చెప్పారు నిజమే, పోలీసులు వెతికారు నిజమే. కానీ అసలు కారణం వీటికి నంబరుంది, ఫొటో ఉంది, ఎవరు ఎక్కడ తవ్వారో రాసిన పుస్తకం ఉంది. ఏ దుకాణంలో కనిపించినా ఇది ఇరాక్‌ది అని వేలు చూపించవచ్చు. గట్టి వ్యాపారి దాన్ని ముట్టుకోడు.

అదే నెలల్లో దక్షిణాన దిబ్బల మీద జరిగినదానికి ఈ భయం లేదు.

అక్కడ దోపిడీ 2003లో పుట్టలేదు. 1990 ఆగస్టులో ఇరాక్ మీద వ్యాపార ఆంక్షలు పడ్డాయి. అక్కడి డబ్బు దీనారుకు విలువ పోయింది, వ్యవసాయం దెబ్బతింది, విదేశీ తవ్వకాల బృందాలు రావడం మానేశాయి. ఆ తవ్వకాల్లో కూలికి పనిచేసి, ఇటుక ఎక్కడ ఆగి మన్ను ఎక్కడ మొదలవుతుందో చేత్తో తెలుసుకోగలిగినవాళ్ళకు పని పోయింది. 1991 యుద్ధం తరవాత జరిగిన తిరుగుబాట్లలో ప్రాంతీయ మ్యూజియంలు లూటీ అయ్యాయి. సరుకుకు బయట గిరాకీ ఉందని అందరికీ అర్థమైంది. ఇక 2003 వసంతంలో పోలీసులు లేరు, కాపలాదార్లు ప్రాణభయంతో దిబ్బలు వదిలేశారు. ఉమ్మాలో అంతకుముందు నాలుగేళ్ళ నుంచీ ఇరాకీ పురావస్తు శాఖవాళ్ళే తవ్వుతున్నారు. వాళ్ళు అటు వెళ్ళిపోగానే ఇటు వందలమంది దిగారు. ఉమ్మా, ఉమ్ అల్-అకారిబ్, ఇసిన్, అదబ్. గొయ్యి పక్కన గొయ్యి, గోతిలోంచి గోతికి సొరంగం.

పై నుంచి తీసిన ఫొటోలు చూశారా? మశూచి మచ్చల ముఖంలా ఉంటుంది దిబ్బ. ఎలిజబెత్ స్టోన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఉపగ్రహ చిత్రాల్లో ఆ గోతులను కొలిచారు. దక్షిణ ఇరాక్‌లో నూట యాభై ఏళ్ళుగా అన్ని దేశాలవాళ్ళూ కలిసి శాస్త్రీయంగా తవ్విన నేలకన్నా దొంగలు తవ్వింది ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి చాలు. మ్యూజియం నుంచి పోయింది పదిహేను వేలు అని లెక్క చెప్పగలం. ఇక్కణ్ణుంచి ఎన్ని పోయాయంటే అంకె లేదు, ఉండదు. నంబరు వేయనిదాన్ని ఎలా లెక్కపెడతాం? ఫిర్యాదు చేయడానికి పోయిన వస్తువు పేరే తెలియదు.

తవ్వినవాళ్ళను తిట్టడం సులువు. నాకు అంత సులువుగా అనిపించదు. గుప్తనిధుల కోసం గుళ్ళలో లింగాలు పెకలించినవాళ్ళ వార్తలు మన జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం కదా, ఆ ఆశ మనకు కొత్త కాదు. అక్కడ రాత్రంతా గోతిలో కూర్చుని తీసిన పలకకు చేతికొచ్చేది కొద్దిపాటి డబ్బు. నాలుగు చేతులు మారాక దాని ధర ఎక్కడికో వెళుతుంది. లంకెబిందె దొరికింది కొన్నవాడికే.

ఆ దిబ్బల కోసం నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. అబ్దుల్ అమీర్ హమ్దానీ అప్పుడు నాసిరియాలో పురావస్తు ఇన్‌స్పెక్టర్. జీతం అంతంతమాత్రం, ఆయుధబలం లేదు. కొద్దిమంది కాపలాదార్లతో, తరవాత ఇటలీ పోలీసుల సాయంతో దిబ్బ దిబ్బకూ తిరిగాడు. తరవాత ఆయన ఇరాక్ సాంస్కృతిక మంత్రి అయ్యాడు, 2022లో చనిపోయాడు. మ్యూజియంలో డోనీ జార్జ్ ఉన్నాడు. 2006లో బాగ్దాద్ వీధుల్లో చంపుకోవడాలు ముదిరినప్పుడు మ్యూజియం తలుపులకు కాంక్రీటు గోడలు కట్టించి మూసేశాడు. ఆ ఆగస్టులోనే కుటుంబంతో దేశం వదలాల్సి వచ్చింది. మళ్ళీ ఆ తలుపుల్లోకి ఉద్యోగిగా అడుగుపెట్టకుండానే 2011లో కన్నుమూశాడు.

బాబిలోన్ గురించి ఒక మాట చెప్పకుండా వదల్లేను. 2003 ఏప్రిల్ నుంచి 2004 చివరిదాకా ఆ ప్రాచీన నగరం మీద సైనిక శిబిరం నడిచింది. మొదట అమెరికన్లు, తరవాత పోలండ్ ఆధ్వర్యంలో. హెలికాప్టర్లు దిగడానికి నేల చదును చేసి కంకర పోశారు, కందకాలు తవ్వారు. ఊరేగింపు వీధి ఇటుకలు బరువైన బళ్ళ కింద చితికిపోయాయి. ఇష్తార్ ద్వారం గోడ మీద ఉబ్బెత్తుగా ఉన్న డ్రాగన్ బొమ్మలున్న ఇటుకలను పెకలించబోయి పగలగొట్టారు. ఇదంతా బ్రిటిష్ మ్యూజియం నుంచి వెళ్ళిన జాన్ కర్టిస్ నివేదికలో ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ డ్రాగన్లు కాదు, ఇసుక బస్తాలు. తుపాకీగుళ్ళకు అడ్డంగా పేర్చే బస్తాల్లోకి ఆ దిబ్బమన్నే ఎత్తి నింపారు. పెంకులు, ఎముకలు, అక్షరాలున్న ఇటుక ముక్కలతో సహా. ఇది తప్పని ఎవరో చెబితే మానేశారు. మానేసి ఏం చేశారు? బయటి నుంచి మన్ను తెప్పించి నింపారు. ఆ బస్తాలు చిరిగి, ఎక్కడో ఇంకో దిబ్బ మన్ను బాబిలోన్ మన్నులో కలిసింది. ఇక రేపు అక్కడ తవ్వేవాడికి ఒక పెంకు దొరికితే, అది ఆ నేలదేనని నమ్మకంగా చెప్పగలడా? దొంగతనం లేదు, ద్వేషం లేదు, ఒక్క గుండు పేలలేదు. అయినా చిరునామా చెరిగిపోయింది. సద్దాం హుస్సేన్ కూడా అంతకుముందు తన పేరు అచ్చువేసిన ఇటుకలతో ఆ శిథిలాల మీదే గోడలు లేపాడు, అదీ చెప్పుకోవాలి.

ఉత్తర ఇరాక్‌లోని ప్రాచీన నగరం నిమ్రూద్ సంగతి చూడండి. 2015లో ఐసిస్ తీవ్రవాదులు అక్కడి అషూర్‌నాసిర్‌పాల్ రాజు భవనాన్ని బారెల్ బాంబులతో పేల్చారు. ఘోరం. కానీ ఆ గోడల బొమ్మలను 1840ల నుంచీ గీసుకున్నారు, ఫొటోలు తీశారు, ఏ పలక ఏ గదిలో ఎన్నోదో రాసిపెట్టారు. ఇవాళ ఇరాకీ ఉద్యోగులు ముక్క ముక్కా ఏరి నంబరు వేసి దాచుతున్నారు. ఆ ముక్కలకు వెళ్ళాల్సిన చోటు ఉంది. మనకు తెలిసిన పోలిక చెప్పనా? నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు నాగార్జునకొండ లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి ఆరేళ్ళు అక్కడ తవ్వారు. ఏది ఎక్కడుందో కొలిచి, గీసి, కొన్నిటిని కొండమీదికి తెచ్చి కట్టారు. లోయ నీళ్ళ కింద ఉంది. ఇక్ష్వాకుల విజయపురి పటం మాత్రం మన దగ్గరుంది. మునిగినా దాని చిరునామా పోలేదు.

చట్టం సంగతికి వస్తే, యుద్ధంలో సాంస్కృతిక సంపదను కాపాడాలనే హేగ్ ఒప్పందం 1954లోనే వచ్చింది. మన దేశం 1958లో చేరింది. అమెరికా చేరింది 2009లో, బ్రిటన్ 2017లో. అంటే ఇరాక్ మీదికి వెళ్ళినప్పుడు ఈ రెండూ అందులో లేవు. 2003 మే 22న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇరాక్ నుంచి అక్రమంగా వచ్చిన పురావస్తువుల వ్యాపారాన్ని నిషేధించింది. అది గట్టి పనే. కానీ పలక మీద చిరునామా లేకపోతే, ఇది మా తాతల కాలం నుంచీ మా ఇంట్లో ఉందని అమ్మేవాడు చెబితే, కాదని ఎలా రుజువు చేస్తారు?

ఇప్పుడు ఇరిసగ్రిగ్ దగ్గరికి వస్తాను. అసలు ఈ ప్రసంగం దీని కోసమే.

ఇరిసగ్రిగ్ ఒక సుమేరు నగరం. పేరు పాత రాతల్లో కనిపిస్తుంది కానీ ఎక్కడుండేదో తెలియదు. 2003 తరవాత బజారులో ఆ ఊరి మట్టిపలకలు కట్టలుకట్టలుగా కనిపించడం మొదలైంది. క్రీ.పూ. 2000కు కాస్త ముందటి కాలానివి. చదివితే అవి ఊరి కార్యాలయపు కాగితాలు. ఆ దారిన వెళ్ళే రాజదూతలకు ఎంత రొట్టె, ఎంత బీరు ఇచ్చారో లెక్కలు. ఎవరు వచ్చారు, ఏ పనిమీద వెళుతున్నారు. అంటే ఒక ఊరి కచేరీ మొత్తం లేచి బజారుకొచ్చింది. ఏ గదిలో, ఏ అలమరలో, ఏ వరసలో ఉండేవో ఎవరికీ తెలియదు. ఆ ఊరు ఎక్కడుందో శాస్త్రవేత్తలకు తెలియకముందే దొంగలకు తెలిసింది.

2010 డిసెంబరులో అమెరికాలో హాబీ లాబీ అనే దుకాణాల సంస్థ ఐదున్నర వేలకు పైగా వస్తువులను పదహారు లక్షల డాలర్లకు కొన్నది. పార్శిళ్ళ మీద నమూనా మట్టి టైల్స్ అని రాసి తెప్పించారు. ప్రభుత్వం పట్టుకుంది. 2017లో ముప్పై లక్షల డాలర్లు కట్టి వస్తువులు వదులుకోవడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. 2018లో దాదాపు 3,800 వస్తువులను ఇరాక్‌కు అప్పగించారు. అందులో చాలా పలకలు ఇరిసగ్రిగ్‌వి. 2021లో ఇంకో పదిహేడు వేల వస్తువులు అమెరికా నుంచి తిరిగొచ్చాయి, సుమేరు వీరుడు గిల్గమేష్ కల కన్న కథ రాసిన పలక కూడా ఆ ఏడే వచ్చింది.

గిర్సు మేకులు వెళ్ళి చేరడానికి ఒక గోడ ఉంది. ఇరిసగ్రిగ్ పలకలు బాగ్దాద్ వరకూ వచ్చాయి. నిప్పూరు అనే పాత నగరం చుట్టుపక్కల ఫలానా దిబ్బ కావచ్చని పండితులు ఒకటి రెండు చోట్లు సూచిస్తున్నారు. అక్కణ్ణుంచి వాటిని ఏ దిబ్బకు, ఏ గదికి చేర్చాలో ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు.